నిద్ర పట్టే రేవులు: కరీబియన్‌లో మా ఆరు చలికాలాలు

పడవలో పొద్దున లేవగానే మేమిద్దరం ఒకరినొకరు అడిగే మొదటి మాట, "నిద్ర పట్టిందా?" అని. ఆరు చలికాలాలుగా ప్రతి రేవునూ ఈ ఒక్క ప్రశ్నతోనే తూచుతున్నాం. నీళ్లు ఎంత నీలంగా ఉన్నాయి, ఇసుక ఎంత తెల్లగా ఉంది అన్నవి తర్వాతి సంగతులు. లంగరు గట్టిగా పట్టిందా, కెరటం పడవను పక్కలకు ఊపకుండా ఉందా, ఒడ్డున మనుషులు నమ్మదగినవాళ్లేనా అన్నవే ముందు.

మాది అమలాపురం దగ్గర పల్లె. మావారిది కరీంనగర్. ఆయన ఊరి బావిలో ఈత నేర్చుకున్నారు. ఉద్యోగాల కోసం డాలస్ వెళ్లి అక్కడే పాతికేళ్లు గడిపాం. పిల్లలు స్థిరపడ్డాక, 2018 చివర్లో గ్రెనడా దీవిలో 38 అడుగుల పాత తెరచాప పడవ కొన్నాం. అప్పటి నుంచి డిసెంబరు మొదటి వారంలో వెళ్లి మే నెలాఖరుకు తిరిగి వస్తాం. కోవిడ్ వల్ల ఒక్క ఏడాది మాత్రం వెళ్లలేకపోయాం.

డిసెంబరు, మే అని మేము కోరి పెట్టుకున్న గడువు కాదు. అట్లాంటిక్ తుఫాన్ల కాలం అధికారికంగా జూన్ 1న మొదలై నవంబరు 30తో ముగుస్తుంది. ఆ ఆరు నెలలూ పడవ ఎక్కడ ఉండాలన్నది బీమా కంపెనీ షరతుల్లోనే ఉంటుంది. గ్రెనడా 12 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. తుఫాన్లు ఎక్కువగా దానికి ఉత్తరంగానే వెళ్తాయి కాబట్టి వేసవికి వందలాది పడవలు అక్కడికే చేరతాయి. అలాగని పూర్తి భరోసా ఏమీ లేదు. 2004 సెప్టెంబరు 7న ఐవాన్ తుఫాను గ్రెనడానే కొట్టింది. గట్టు మీద నిలబెట్టిన పడవలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. అందుకే మేము పడవను గట్టెక్కించినప్పుడు ఉక్కు దన్నుల మీద నిలబెట్టించి, నేలలో పాతిన కొక్కేలకు పట్టీలతో బిగించిన తర్వాతే విమానం ఎక్కుతాం. ఈ యార్డు రుసుము మా ఏడాది ఖర్చులో పెద్ద భాగం. అయినా అందులో ఒక్క డాలరు తగ్గించుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు.

గ్రెనడా దక్షిణ తీరంలో వేళ్లలా చొచ్చుకొచ్చిన అఖాతాలు చాలా ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా ప్రిక్లీ బేలో దిగుతారు. దుకాణాలు, పడవ సామాన్లు, తినే చోట్లు అన్నీ దగ్గర. కానీ దక్షిణం నుంచి కెరటం తిరిగి లోపలికి వచ్చిందంటే రాత్రంతా గిన్నెలు మోగుతాయి. మాకు నచ్చింది దాని తూర్పున ఉన్న మౌంట్ హార్ట్‌మన్ బే. నీళ్లు మురికిగా ఉంటాయి, ఈతకు పనికిరాదు. కానీ అడుగున మెత్తటి బురద, చుట్టూ కొండలు, మధ్యలో చెరువులాంటి నిశ్చలత. లంగరు వేసి రెండు వారాలు కదలకపోయినా దిగులు ఉండదు. రాజధాని సెయింట్ జార్జెస్‌లోని పోర్ట్ లూయీ మెరీనాలో, అంటే అద్దె కట్టి పడవను గట్టుకు కట్టేసుకునే రేవులో, నాలుగు రోజులు ఉన్నాం. వేడినీళ్ల స్నానం, కరెంటు, కాలు తడవకుండా ఒడ్డుకు దిగే వీలు, అన్నీ బాగున్నాయి. అయితే కట్టేసిన పడవలోకి గాలి రాదు, లోపల ఉడికిపోతాం. మెరీనాలో వారం అద్దెతో లంగరు మీద మాకు నెలకు సరిపడా కూరగాయలు వస్తాయి. మరమ్మతులు ఉన్నప్పుడు, ఇంటి నుంచి చుట్టాలు వచ్చినప్పుడు తప్ప మెరీనా అవసరం లేదని నా అభిప్రాయం.

శనివారం పొద్దున సెయింట్ జార్జెస్ సంతకు మాత్రం తప్పకుండా వెళ్లాలి. మొదటి ఏడాది క్రిస్మస్ ముందు ఒక ముసలావిడ గోనె పట్టా మీద పచ్చి కందికాయలు రాశి పోసి అమ్ముతుంటే అక్కడే నిలబడిపోయాను. చిన్నప్పుడు పొలం గట్ల మీద కోసుకుని ఉడకబెట్టుకున్న అవే కాయలు, గోధుమరంగు చారలతో సహా. అక్కడ క్రిస్మస్ వంటలో అవి ఉండి తీరాలట. పక్కనే చేమదుంపలు, చేమాకు, సీమపనస, బెండకాయలు, చింతపండు, సీమ వంకాయలు. పసుపును అక్కడ "సాఫ్రన్" అంటారు. కొబ్బరిపాలలో సీమపనస, చేమాకు, పసుపు వేసి ఇగిర్చే "ఆయిల్ డౌన్" వాళ్ల జాతీయ వంటకం. జాజికాయ బొమ్మ ఏకంగా వాళ్ల జెండా మీదే ఉంది. జాపత్రి తాజాగా ఎర్రగా, తడిగా ఎలా ఉంటుందో నేను మొదటిసారి చూసింది గూయావ్ ఊళ్లోని జాజికాయల గిడ్డంగిలో. ఇంట్లో డబ్బాలో ఉండే ఎండు రేకుకూ దానికీ పోలికే లేదు.

ఈ దీవికి మనవాళ్లు కొత్త కాదు. 1857 మే 1న "మెయిడ్‌స్టోన్" ఓడలో భారతదేశం నుంచి మొదటి కూలీలు ఇక్కడ దిగారు. వాళ్ల వంట రోటీ రూపంలో ఇప్పటికీ ప్రతి వీధిలో దొరుకుతుంది. బంగాళాదుంప, మేకమాంసం కూరను పల్చటి రొట్టెలో చుట్టి ఇస్తారు. దాన్ని తింటున్నంతసేపూ, మూడు నెలలకు పైగా సముద్రం మీద గడిపి తెలియని రేవులో దిగిన ఆ మనుషులే నా మనసులో మెదులుతారు. మేము ఇష్టపడి ఎక్కిన పడవ మాది, వాళ్లది అలా కాదు.

జనవరి వచ్చేసరికి ఉత్తరానికి బయలుదేరతాం. డిసెంబరు చివర, జనవరిలో ఈశాన్యం నుంచి వీచే వ్యాపార పవనాలు బాగా బలపడతాయి. అక్కడివాళ్లు వాటిని క్రిస్మస్ గాలులు అంటారు. గాలి తగ్గేదాకా కాచుకోవడం మేము కష్టపడి నేర్చుకున్న విద్య. గ్రెనడా నుంచి కారియకూ దీవి దాదాపు 30 నాటికల్ మైళ్లు. ఆ దారి ఎదురు గాలి, ఎదురు ప్రవాహం. మధ్యలో "కిక్ ఎమ్ జెన్నీ" అనే సముద్రగర్భ అగ్నిపర్వతం ఉంది. దాని చుట్టూ ఒకటిన్నర కిలోమీటర్ల మేర పడవలు వెళ్లకూడదు, కదలిక పెరిగితే ఐదు కిలోమీటర్లు. పొద్దున ఆరింటికి బయలుదేరితే మధ్యాహ్నానికి కారియకూలోని టైరెల్ బేకు చేరతాం. ఒళ్లంతా ఉప్పు, జుట్టు తాళ్లలా బిగుసుకుపోయి ఉంటుంది.

టైరెల్ బేలో దేశం దాటే కాగితాలు చేసుకోవచ్చు. వివరాలు ఇంటర్నెట్‌లో ముందే నింపుకుంటే పని చిటికెలో అవుతుంది. అక్కడి నుంచి ఉత్తరాన సెయింట్ విన్సెంట్ అండ్ గ్రెనడీన్స్ వేరే దేశం. యూనియన్ దీవిలోని క్లిఫ్టన్‌లో ప్రవేశ ముద్ర వేయించుకునేదాకా పసుపు జెండా ఎగరేసి ఉంచాలి. డబ్బు మాత్రం రెండు చోట్లా ఒకటే, తూర్పు కరీబియన్ డాలరు. ఒక అమెరికన్ డాలరుకు 2.70 చొప్పున ఏళ్లుగా స్థిరంగా ఉంది.

అందరూ పాడుకునే టొబేగో కేస్ గురించి చెప్పాలి. జనం లేని ఐదు చిన్న దీవులు, వాటిలో నాలుగింటికి తూర్పున గుర్రపు లాడం ఆకారంలో పగడపు దిబ్బ. దిబ్బ వెనక లంగరు వేస్తే ముందు అట్లాంటిక్ తప్ప ఏమీ లేదు, ఆ దిక్కున తర్వాతి నేల ఆఫ్రికానే. గాలి రాత్రంతా తాళ్లలో ఈల వేస్తూనే ఉంటుంది. కానీ కెరటాలన్నీ దిబ్బ మీదే విరిగిపోతాయి కాబట్టి నీళ్లు బల్లపరుపుగా ఉంటాయి. అంత హోరులో నాకు అంత గాఢంగా నిద్ర పట్టడం ఇప్పటికీ ఆశ్చర్యమే. బారడాల్ దీవి పక్కన పచ్చ తాబేళ్లు సముద్రపు గడ్డి మేస్తుంటాయి. ఒకసారి మూడు అడుగుల తాబేలు ఒకటి సరిగ్గా నా కిందే మేస్తోంది. గడ్డిపోచను నోటితో పట్టుకుని తల పక్కకు విదిలించి తెంపేది, మా ఇంటి గేదె పచ్చగడ్డి తెంపినట్టే. నాలుగైదు నిమిషాలకు ఒకసారి పైకి వచ్చి తల బయట పెట్టి ఊపిరి తీసుకుని మళ్లీ దిగేది. నేను కదలకుండా అరగంట తేలుతూ ఉండిపోయాను. వేళ్లు ముడతలు పడ్డాక గానీ పైకి రాలేదు. పార్కు రుసుము మనిషికి ఇంత అని రోజువారీగా కట్టాలి. ఆ డబ్బు తాబేళ్ల కాపలాకు పోతుందంటే నాకు సంతోషమే.

పక్కనే ఉన్న మెయ్‌రో దీవిలోని సాల్ట్ విజిల్ బే క్యాలెండర్ బొమ్మలా ఉంటుంది. కానీ పడవలు కిక్కిరిసిపోతాయి, ఉత్తరపు కెరటం లోపలికి తిరుగుతుంది. రెండు రాత్రులు ప్రయత్నించి వదిలేశాం. పగలు చూసి రావడానికి బాగుంటుంది.

సౌకర్యాల్లో మా మొదటి ఓటు బెక్వియా దీవికి. అడ్మిరల్టీ బేలో లంగరు వేస్తే సేవలన్నీ మన దగ్గరికే పడవల్లో వస్తాయి. మా ట్యాంకు 400 లీటర్లు, ఇద్దరికీ పన్నెండు రోజులకు సరిపోతుంది. నీళ్ల పడవను పిలిస్తే పక్కనే ఆగి గొట్టంతో నింపుతుంది. మాసిన బట్టలు పొద్దున తీసుకెళ్లి సాయంత్రానికి మడతపెట్టి తెచ్చి ఇస్తారు. పోర్ట్ ఎలిజబెత్‌లో చెక్కతో పడవల నమూనాలు చెక్కే దుకాణాలు ఉన్నాయి. మావారు ఒకదానిలో కూర్చున్నారంటే భోజనం వేళకు కూడా రారు. ప్రిన్సెస్ మార్గరెట్ బీచ్ ముందు ఇసుక అడుగు లంగరును బాగా పడుతుంది, నీళ్లూ తేటగా ఉంటాయి. ఒక నెల ఒకే చోట ఉండాలంటే నేను బెక్వియానే ఎంచుకుంటాను.

కొత్తవాళ్లకు ఒక్క హెచ్చరిక. నీటిలో తేలే బోయాకు కట్టుకోమని, డబ్బులిస్తే తామే కట్టిపెడతామని చిన్న పడవల్లో కుర్రవాళ్లు ఎదురొస్తారు. పేరు చెప్పను, ఒక దీవిలో మేము అలాగే కట్టుకున్నాం. రాత్రి రెండింటికి ఏదో తేడాగా అనిపించి మెలకువ వచ్చింది. ఊపు మారింది. పైకి వెళ్లి చూస్తే ఒడ్డు దీపాలు చిన్నవైపోతున్నాయి. బోయా కింద తాడు తెగి, బోయాతో సహా మేము సముద్రంలోకి కొట్టుకుపోతున్నాం. ఆయన ఇంజను వేశారు, నేను ముందుకు పరుగెత్తి బోయా తాడు విప్పాను. చీకట్లో వెనక్కి వచ్చి, లంగరు వేసి, తెల్లవారేదాకా ఇద్దరం మెట్ల దగ్గరే కూర్చున్నాం. గాలి ఒడ్డు నుంచి వీచింది కాబట్టి బతికాం, ఎదురైతే రాళ్ల మీద ఉండేవాళ్లం. అప్పటి నుంచి వీలైన ప్రతి చోటా మా లంగరే వేస్తాం. ఆరు మీటర్ల లోతుకు ముప్పై అయిదు మీటర్ల గొలుసు వదిలి, నేను కళ్లద్దం పెట్టుకుని మునిగి, కొన ఇసుకలో దిగిందో లేదో కళ్లారా చూసుకుంటాను. పార్కుల్లో బోయా తప్పనిసరైతే దాని తాడును కూడా మునిగి చూస్తాను.

2024 జూలై 1న బెరిల్ తుఫాను కారియకూ మీదే నేల తాకింది. నాలుగో తరగతి తుఫాను, గాలి వేగం గంటకు దాదాపు 240 కిలోమీటర్లు. మా పడవ దక్షిణ గ్రెనడా గట్టు మీద చెక్కుచెదరలేదు. కానీ కారియకూ, పెటీట్ మార్టినీక్, యూనియన్, మెయ్‌రో దీవుల్లో కప్పు మిగిలిన ఇల్లు అరుదు. టైరెల్ బే పక్కన మడ అడవుల్లో భద్రంగా ఉంటాయని దాచిన పడవలు కుప్పలై పోయాయి.

ఆ డిసెంబరులో వెళ్లాలా వద్దా అని చాలా మథనపడ్డాం. బాధల్లో ఉన్నవాళ్ల మధ్య విహారమేమిటి అనిపించింది. కానీ తెలిసినవాళ్లకు ఫోను చేస్తే అందరూ ఒకటే మాట: రండి, పడవలు రాకపోతే మాకు ఆదాయం లేదు. వెళ్లాం. టైరెల్ బే కొండలు ఆకు లేని కొమ్మలతో గోధుమరంగులో కనిపించాయి. నాకు 1996 నవంబరు 6 రాత్రి తర్వాతి కోనసీమ గుర్తొచ్చింది. తలలు తెగిన కొబ్బరిచెట్లు, చెరువులో తేలుతున్న కప్పు రేకులు. అప్పుడు మా నాన్న పడిపోయిన చెట్ల మధ్య నిలబడి ఏమీ మాట్లాడకుండా లెక్కపెట్టారు. ఇక్కడ కూడా ఒక పెద్దాయన అలాగే పడవ కలప లెక్కపెడుతూ కనిపించాడు. కారియకూలో చేత్తో చెక్క పడవలు కట్టే విద్య తరతరాలుగా ఉంది. విండ్‌వర్డ్ అనే పల్లె దానికి ప్రసిద్ధి.

ఆ ఏడాది అక్కడ నీటి పడవ లేదు, దుకాణాల్లో సగం అరలు ఖాళీ. సౌకర్యాల ప్రకారం మార్కులు వేస్తే అట్టడుగున ఉంటుంది. అయినా అనుకున్న వారానికి బదులు అయిదు వారాలు ఉన్నాం. కూర, రొట్టె, డీజిలు అన్నీ అక్కడే కొన్నాం. ఒడ్డున కుట్టుపని చేసే ఆవిడ ఒకరు ప్రతి ఏడాదీ మా తెరచాప కవరు బాగుచేస్తారు. ఆమె ఇంటికి టార్పాలిన్ పట్టాయే కప్పు. కుట్టుమిషను మాత్రం మంచం కింద దాచి కాపాడుకున్నారు. చిరిగిన మా ఎండ పందిరిని దాని మీదే రెండు రోజుల్లో కొత్తదానిలా చేసి ఇచ్చారు. గట్టి దారం, రెండు వరసల కుట్టు. మెరీనా దుకాణంలో అయితే రెట్టింపు అడిగేవారు, అంత శ్రద్ధా ఉండేది కాదు. ఆమె చెప్పిన ధర కన్నా ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు. వచ్చేటప్పుడు ఏం తెమ్మంటారని అడిగితే కాసేపు ఆలోచించి, మందపు గుడ్డకు వాడే సూదులు, 16, 18 నంబరువి, దొరికినన్ని తెమ్మన్నారు.

డిసెంబరు 4కు టికెట్లు తీసుకున్నాం. సూదులు పది పొట్లాలు దొరికాయి, పెట్టెలో అడుగున కందిపప్పు పక్కన సర్దాను.