అనంతపురంలో కుక్కకూ పిల్లికీ మైక్రోచిప్: సూది పని మెచ్చదగినది, నమోదు పని మెరుగుపడాలి

అనంతపురం పట్టణంలోని ఒక ప్రైవేటు పశువైద్య క్లినిక్‌లో మా నాటు కుక్కకూ, పిల్లికీ ఈ మధ్యనే మైక్రోచిప్ (తప్పిపోతే గుర్తుపట్టడానికి చర్మం కింద పెట్టే చిప్) వేయించాం. చిప్ వేసిన తీరుకు నూటికి నూరు మార్కులు వేయవచ్చు. ఆ తరువాత జరగవలసిన నమోదు, అంటే చిప్ నంబరుకు యజమాని వివరాలను సంస్థ పట్టికలో జతచేసే పని విషయంలో మాత్రం ఆ మాట అనలేను. చిప్ వల్ల కలిగే మేలంతా నమోదు మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి, వేయించాలనుకునేవారు ఈ రెండు పనులనూ వేరువేరుగా చూడాలి.

చిప్ అంటే సుమారు 12 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న సన్నని గాజు గొట్టం. అందులో బ్యాటరీ ఉండదు. చిప్‌ను చదివే పరికరాన్ని, అంటే రీడరును దగ్గరకు తెచ్చినప్పుడు దాని నుంచి వచ్చే తరంగాలతోనే చిప్‌కు శక్తి అంది, తనలోని 15 అంకెల నంబరును తెరపై చూపిస్తుంది. "కుక్క ఎక్కడ తిరుగుతోందో ఫోన్‌లో కనపడుతుందా?" అని మా వీధిలో చాలామంది అడిగారు. కనపడదు. యజమాని పేరు, చిరునామా కూడా చిప్‌లో ఉండవు. ఉండేది ఆ నంబరు ఒక్కటే.

డాక్టరు గారు ముందుగా కుక్క ఒళ్లంతా రీడరుతో చూశారు. వీధి నుంచి తెచ్చి పెంచుకున్న కుక్క కాబట్టి ఎవరైనా ఇదివరకే చిప్ వేయించి ఉండవచ్చునన్నది ఆయన ఆలోచన. ఈ జాగ్రత్త నాకు ఎంతో నచ్చింది. తరువాత ప్యాకెట్టు విప్పకముందే దానిపై రీడరు పెట్టి, తెరపై వచ్చిన నంబరూ స్టిక్కరు మీది నంబరూ ఒకటేనా అని మాకు చూపించారు. చిప్ ముందే అమర్చి ఉన్న ఆ సిరంజి సూది, టీకా సూది కంటే బాగా లావుగా ఉంటుంది కాబట్టి చూడగానే గుండె ఝల్లుమంటుంది. భుజాల మధ్య చర్మాన్ని పైకెత్తి పట్టుకుని ఒక్క ఊపున దించేశారు. కుక్క ఒకసారి వెనక్కి తిరిగి చూసి ఊరుకుంది. పిల్లి మాత్రం అంత తేలికగా లొంగలేదు. దానిని తువ్వాలులో చుట్టి, తల ఒక్కటే బయటికి ఉంచి, పొడుస్తున్నంతసేపూ సహాయకురాలు దాని చెవుల వెనుక నిమురుతూ ఉంది. సూది తీయగానే ఆ చోట వేలితో కాసేపు అదిమి పట్టి, మళ్లీ రీడరు పెట్టారు. ఇనుప బల్ల దగ్గర ఒక్కోసారి సరిగా చదవదంటూ పిల్లిని మా చేతుల్లోకి ఇచ్చి మరోసారి చూశారు. ఇంత ఓపికగా పనిచేసే చోటు మన ఊళ్లో ఉన్నందుకు మనస్ఫూర్తిగా సంతోషించాను.

నమోదు దగ్గర కథ మారింది. స్టిక్కరు ఒకటి టీకా కార్డు మీద అంటించి, మా పేరూ ఫోన్ నంబరూ కౌంటరులోని పుస్తకంలో రాసుకుని, అంతా పూర్తయిందన్నారు. ఇంటికి వచ్చాక చిప్ సంస్థ వెబ్‌సైటులో నంబరు వేసి చూస్తే, యజమాని ఫోన్ ఉండవలసిన చోట క్లినిక్ ఫోన్ ఉంది. రాత్రి పది గంటలకు ఎవరికైనా మా కుక్క దొరికి, ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తేవారెవరు? మేము అడిగిన తరువాత మార్చారు, విసుక్కోలేదు కూడా. కానీ అడగనివారి మాటేమిటి? కౌంటరు దగ్గరే యజమానికి తెర చూపించి, పేరూ, ఫోనూ, ఇంట్లో మరొకరి ఫోనూ సరిచూసుకోమంటే ఈ లోటు ఉండదు. మన దేశంలో అందరూ వాడే ఉమ్మడి పట్టిక లేదు కాబట్టి, నంబరు ఏ సంస్థ పట్టికలో చేరిందో కూడా రసీదు మీద రాసి ఇవ్వాలి.

మన దగ్గర రీడర్లు తక్కువ అన్నది మరో సంగతి. పాత 125 కిలోహెర్ట్జ్ తరంగాల చిప్‌లు, ఇప్పటి అంతర్జాతీయ (ఐఎస్‌ఓ) ప్రమాణం ప్రకారం వచ్చే 134.2 కిలోహెర్ట్జ్ చిప్‌లు, ఈ రెండింటినీ ప్రతి రీడరూ చదవలేదు. అందువల్ల చిప్ వేయించినా మెడపట్టీ, దానికి ఫోన్ నంబరు చెక్కిన బిళ్ల తప్పనిసరిగా ఉండాలి. దీపావళి టపాసులకు బెదిరి పరుగెత్తిన కుక్కను మొదట పట్టుకునేది పాలు పోసేవారో, ఆటో డ్రైవరో. వారి దగ్గర రీడరు ఉండదు. చిప్ అవసరం పట్టీ ఊడిపోయాక వస్తుంది. ముఖ్యంగా నాటు కుక్కల విషయంలో ఇది మరీ నిజం: గోధుమరంగు కుక్కలు ప్రతి వీధిలోనూ ఉంటాయి, ఇది మాదేనని ఎదుటివారిని నమ్మించడానికి ఆ 15 అంకెలకు మించిన రుజువు మరొకటి ఉండదు. ఖరీదైన జాతి కుక్కలకే చిప్ అనుకోవడం సరికాదు.

డాక్టరు గారు చూపిన మరో ముందుచూపును ఇక్కడ చెప్పాలి. రేబిస్ టీకా గడువు దగ్గరపడిందని మేము చెప్పినప్పుడు, ముందు చిప్ వేసి, ఆ తరువాతే టీకా వేసి, కార్డులో ఆ క్రమంలోనే రాశారు. పిల్లలు విదేశాల్లో స్థిరపడిన కుటుంబాలు అనంతపురంలో చాలా ఉన్నాయి. పెద్దవాళ్లు వెళ్లేటప్పుడు కుక్కను వెంట తీసుకువెళ్లాలనుకుంటే ఈ క్రమమే కీలకం. యూరోపియన్ యూనియన్ దేశాలు చిప్ కంటే ముందు వేసిన రేబిస్ టీకాను లెక్కలోకి తీసుకోవు. మన దేశం నుంచి వెళ్లే జంతువుకు టీకా వేసిన 30 రోజుల తరువాత రక్తపరీక్ష చేయించాలి, అందులో రేబిస్‌ను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు మిల్లీలీటరుకు కనీసం 0.5 ఐయూ (అంతర్జాతీయ యూనిట్) ఉండాలి, రక్తం తీసిన నాటి నుంచి మూడు నెలలు ఆగాలి. క్రమం తప్పితే ఇదంతా మళ్లీ మొదటి నుంచి చేయించవలసిందే.

కుక్కపిల్లను కొనేవారు అమ్మేవారిని చిప్ నంబరు అడగడం మంచిది. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో వచ్చిన కేంద్ర నియమాలు పెంపకందారుల దగ్గర ఉన్న కుక్కలకు చిప్ ఉండాలని చెబుతున్నాయి.

ఒక్కో జంతువుకు వెయ్యి రూపాయలు తీసుకున్నారు. ఒకసారి వేస్తే జీవితకాలం ఉండేదానికి ఇది ఎక్కువేమీ కాదు. చర్మం కింద చిప్ కొన్నిసార్లు భుజం వైపు జారుతుంది కాబట్టి ఏటా టీకాకు వెళ్లినప్పుడు రీడరు పెట్టించి చూసుకోవాలి. దీనికి వారు డబ్బు అడగరట. సాయంత్రాలు కుక్కలతో వరండా నిండిపోతుంది, పిల్లిని తీసుకువెళ్లేవారు ఉదయం తలుపులు తీసే వేళకే చేరుకోవడం మేలు.