జేడ్: పెద్దాకుదా, చిన్నాకుదా? ఏది మేలు?

"జేడ్‌కి వారానికి ఎన్నిసార్లు నీళ్ళు పోయాలండీ?" అని ఎంతమంది అడిగారో లెక్కలేదు. మీ దగ్గరున్నది ఏ జేడ్ అని నేను ఎదురు అడుగుతాను. సగం మంది అక్కడే ఆగిపోతారు. జేడ్ అంటే ఒకే మొక్క అనుకుంటారు కదా. నిజానికి ఆ పేరుతో చేతులు మారుతున్నవి రెండు మొక్కలు, వాటి మధ్య దగ్గర చుట్టరికం కూడా లేదు.

మొదటిది క్రాసులా ఓవాటా. బొటనవేలి కొసంత ఆకులు, దళసరిగా, నున్నగా మెరుస్తూ ఉంటాయి. ఎండ బాగా తగిలితే అంచున ఎర్రటి గీత కడుతుంది. కాండం లావెక్కి చిన్న చెట్టు మొదలులా తయారవుతుంది. రెండోది పోర్టులాకేరియా ఆఫ్రా. ఆకులు గోరంత, కొమ్మలు సన్నగా ఎర్ర గోధుమ రంగులో కణుపులు కణుపులుగా పాకుతాయి. ఇక్కడ వీటిని పెద్దాకు జేడ్, చిన్నాకు జేడ్ అనుకుందాం. రెండూ ఆఫ్రికా దక్షిణ భాగం నుంచి వచ్చినవే, రెండూ ఆకుల్లో నీళ్ళు దాచుకునేవే. పోలిక అక్కడితో సరి.

మట్టి, కుండీ గురించి పెద్దగా చెప్పను, రెండింటికీ ఒకటే కాబట్టి. సగానికి సగం ముతక ఇసుకో, పెర్లైటో (నీళ్ళు త్వరగా దిగిపోయేలా చేసే తెల్లటి తేలిక గుళ్ళు) కలిపిన మట్టి, అడుగున చిల్లు, కింద పళ్ళెంలో నీళ్ళు నిలవకుండా చూసుకోవడం. అందం మీద పోటీ పెట్టడం కూడా నాకిష్టం లేదు. నేను చూసేది ఒక్కటే. మనం తప్పు చేశాక మొక్క మనకి ఇంకో అవకాశం ఇస్తుందా లేదా?

ఎందుకంటే తప్పు అందరూ చేస్తారు, అది కూడా నీళ్ళతోనే. మా ఇంట్లో ఆరేళ్ళ పెద్దాకు జేడ్ ఉండేది. ఒకసారి ఆకులు ముడతలు పడ్డాయి. దాహమేమో అని ఒక చెంబు ఎక్కువే పోశాను. రెండు రోజులకి నాలుగు ఆకులు రాలాయి. ఇంకా దాహం తీరలేదనుకుని ఇంకో చెంబు. నాలుగో రోజు కాండం మొదట్లో బొటనవేలు పెట్టి నొక్కితే బాగా మగ్గిన అరటిపండులోకి దిగినట్టు లోపలికి దిగిపోయింది. మట్టి తోడి చూస్తే వేళ్ళు నల్లగా, పట్టుకుంటే పైతొక్క ఊడి చేతికొస్తోంది. వేరుకుళ్ళు. నీళ్ళు లాగే వేళ్ళే లేనప్పుడు ఆకు ముడత పడక ఏం చేస్తుంది? నేను దాహం అనుకున్నది అదీ.

ఇదే పెద్దాకు జేడ్‌తో వచ్చే అసలు చిక్కు. దాహానికీ ముడతే, కుళ్ళుకీ ముడతే. తేడా వేలికి తెలుస్తుంది. దాహంతో ఉన్న ఆకు పల్చబడి మెత్తగా వంగుతుంది, కానీ కొమ్మని గట్టిగా పట్టుకునే ఉంటుంది. కుళ్ళు మొదలైతే ఆకు పసుపెక్కి, నీరు పట్టినట్టు పారదర్శకంగా మారి, చెయ్యి తగిలితే చాలు ఊడిపోతుంది. ముడత కనపడగానే చెంబు అందుకోకుండా ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి. లోపల తడి ఉందా, ఇంక నీళ్ళు పోయకండి.

ఇది ఇలా ఎందుకు అంటే, పెద్దాకు జేడ్ ఆకు రంధ్రాలు ఎక్కువగా రాత్రిపూట తెరుచుకుంటాయి. చల్లదనంలో గాలి పీల్చుకుని, పగటి ఎండలో మూసుకుంటుంది కాబట్టి నీరు పెద్దగా ఖర్చవదు. ఈ పద్ధతికి క్రాసులేసియన్ యాసిడ్ మెటబాలిజం అనే పేరు వచ్చిందే ఈ మొక్క కుటుంబం మీద. అంటే మనం పోసిన నీళ్ళు అది త్వరగా తాగదు, అవి మట్టిలోనే చాలాకాలం ఉండిపోతాయి. చిన్నాకు జేడ్ ఇక్కడే తెలివి చూపిస్తుంది. నీళ్ళు పుష్కలంగా ఉంటే మామూలు మొక్కల్లా పగలే రంధ్రాలు తెరిచి తాగేస్తుంది, కరువొస్తే రాత్రి పద్ధతికి మారిపోతుంది. రెండు రకాల బతుకూ తెలుసు దానికి. అలాగని రోజూ పోస్తే అదీ కుళ్ళుతుంది. కాకపోతే ఒక చెంబు ఎక్కువైనా ఓర్చుకుంటుంది.

తిరిగి కోలుకోవడంలో మరీ మొండిది. దక్షిణాఫ్రికాలో దీన్ని స్పెక్‌బూమ్ అంటారు, ఏనుగులకి ఇష్టమైన మేత. ఏనుగు పైనుంచి మేస్తుంటే కింద పడ్డ కొమ్మలు అక్కడే వేళ్ళూనుకుంటాయి. విరగడం అలవాటైన మొక్క అన్నమాట. నేను నెల రోజులు ఊళ్ళో లేనప్పుడు మా చిన్నాకుది ఒక్క ఆకు మిగల్చకుండా రాల్చేసింది. పుల్లల కట్టలా ఉంటే పారేద్దామనుకున్నాను. గోటితో కొమ్మ గీకి చూస్తే లోపల పచ్చగా ఉంది. మూడు వారాలకి ప్రతి కణుపు దగ్గరా ఆవగింజంత ఎర్రటి మొటిమ, తర్వాత అదే చిగురు.

అలాగని పెద్దాకు జేడ్‌ని తీసిపారేయడానికి లేదు. రాలిన ఒక్క ఆకుని మట్టి మీద పడేస్తే మొదట్లోంచి గులాబీ రంగు వేళ్ళూ, వెనకాలే పిల్ల మొక్కా వస్తాయి. చిన్నాకు దాంట్లో ఆకుతో ఆ ఆశ పెట్టుకోకండి, కొమ్మే నాటాలి. కిటికీ పక్క ఒక మోస్తరు వెలుతురులో పెద్దాకుది నిలకడగా ఉంటుంది. అదే వెలుతురులో చిన్నాకుది కణుపుల మధ్య దూరం పెంచుకుంటూ తీగలా సాగిపోతుంది, చోటు మార్చామా, అలిగి ఆకులు రాలుస్తుంది. పిండినల్లి పడితే పెద్దాకుది శుభ్రం చెయ్యడం తేలిక. ఆకు మొదట్లో దూదిలా కనపడగానే 70 శాతం ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, వారానికోసారి మళ్ళీ చూస్తే సరి. చిన్నాకు కణుపుల్లో దూరిన పురుగుని వెతకడానికి కళ్ళజోడు కావాలి. నూనె మందులు మాత్రం పెద్దాకు మీద నేరుగా కొట్టకండి, ఆకు మీద పూతా పోతుంది, మచ్చలూ పడతాయి. ముందు ఒక కొమ్మ మీద చూడండి.

ఇంట్లో పిల్లి గానీ కుక్క గానీ ఉంటే ఇంత ఆలోచనే అక్కర్లేదు. పెద్దాకు జేడ్ నమిలితే వాటికి వాంతులవుతాయి, నడక తూలుతుంది. చిన్నాకుది ఏమీ చెయ్యదు, దాని ఆకులు మనుషులూ తింటారు, పుల్లగా ఉంటాయి.

గొట్టాల్లాంటి ఆకులుండే గోలమ్, తెల్ల చారల రకాలు ఎలా అంటే, గోలమ్ పెద్దాకు జేడ్‌లో ఒక రకమే, చెప్పిందంతా దానికీ వర్తిస్తుంది. చారలవి నెమ్మదిగా పెరుగుతాయి. మొదటి మొక్కగా రెండూ వద్దు.

మొదటి జేడ్ తెచ్చుకునేవాళ్ళకి, ముఖ్యంగా రోజూ పొద్దున్నే కుండీల దగ్గరికి చెంబు పట్టుకుని వెళ్తే గానీ మనసు కుదుటపడని వాళ్ళకి, నేను చిన్నాకుదే చెప్తాను. ఎండ ఎంత ఇవ్వగలరో చూసుకోండి, అంతే.

నా పెద్దాకు జేడ్ ఏమైందంటే, కత్తి శుభ్రం చేసుకుని కాండాన్ని పైకి కోస్తూ పోయాను. కోసిన చోట మధ్యలో గోధుమ రంగు చుక్క కనిపించినంతసేపూ ఇంకో ముక్క తీశాను. చివరికి లోపలంతా లేత ఆకుపచ్చగా ఉన్న జానెడు కొమ్మ మిగిలింది. పది రోజులు నీడలో ఆరబెట్టి, కోత మీద పొర కట్టాక పొడి మట్టిలో గుచ్చాను. వేళ్ళు పట్టేదాకా ఒక్క చుక్క పోయలేదు. ఇప్పుడు నాలుగు జతల కొత్త ఆకులతో ఉంది. దాన్ని కావాలనే ఎత్తైన అలమర మీద పెట్టాను, నా చెంబు అందకుండా.