ఎండకు తిరిగే ఎలివేషన్ ఉందని ఫ్లాట్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో కొత్త టవర్లలో ఫ్లాట్ చూస్తున్నవాళ్లకు ఈ హెచ్చరిక. కిటికీల ముందు రెక్కలు ఎండను బట్టి తెరుచుకుని మూసుకునే ఎలివేషన్ (బిల్డింగ్ బయటి ముఖం) ఉంది, ఏసీ బిల్లు సగమవుతుంది అని చెప్తే, ఆ మాట నమ్మి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. ఆ రెక్కల వెనక ఏ అద్దం బిగించారో ముందు చూడండి.

మాది పడమర ఫేసింగ్. బ్రోషర్‌లో పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ వేసి, రెక్కలు ఎండతో పాటే తిరుగుతాయని రాశారు. శాంపిల్ ఫ్లాట్‌లో చక్కగా తిరిగాయి కూడా. హ్యాండోవర్ అయ్యాక మొదటి వర్షాకాలం దాటేసరికి చాలా రెక్కలు బిగుసుకుపోయాయి. మా బెడ్‌రూమ్ కిటికీ ముందున్నది సగంలో ఆగింది. కీలు సందుల్లో దుమ్ము, వాననీళ్లు కలిసి గట్టిపడ్డాయి, స్క్రూల చుట్టూ తుప్పు. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ నేరుగా మంచం మీదే. పక్క ఫ్లాట్‌లో పూర్తిగా మూసుకుని ఆగిపోతే, వాళ్లు పట్టపగలే లైట్లు వేసుకుంటున్నారు.

అన్నిటికంటే బాధ కలిగించేది ఇంకోటుంది. రెక్కలున్నాయి కదా అని వెనక మామూలు సింగిల్ గ్లాస్ బిగించారు. రెక్క ఆగితే వేడిని ఆపేది ఇంకేమీ లేదు. లోపల కర్టెన్ వేసినా, అద్దం దాటి వచ్చిన వేడి గదిలోనే ఉండిపోతుంది. మోటార్లకు వారంటీ ఏడాదేనట, తర్వాత అంతా అసోసియేషనే చూసుకోవాలట. బాల్కనీలోంచి చెయ్యి అందదు. ఒక్క మోటార్ మార్చాలన్నా పైనుంచి క్రేడిల్ (మనుషులు నిలబడి పనిచేసే వేలాడే తొట్టి) దించాలి.

సేల్స్‌వాళ్లు అబుధాబి అల్ బహర్ టవర్ల ఫొటో చూపిస్తారు. 2012లో పూర్తయిన ఆ జంట టవర్లలో ఒక్కోదానికి వెయ్యికి పైగా కదిలే తెరలున్నాయి, నిజమే. కానీ నేరుగా ఎండ పడని ఉత్తరం వైపు అక్కడ తెరలు పెట్టలేదు. మా దగ్గర అందం కోసం ఉత్తరం వైపూ పెట్టారు, ఆ మోటార్ల ఖర్చూ మన నెత్తినే. పారిస్‌లో 1987లో కట్టిన అరబ్ ప్రపంచ సంస్థ భవనానికి కంటిపాపలా ముడుచుకునే తెరలు పెట్టారు. అవీ ఏళ్ల తరబడి మొరాయించాయి. స్టుట్‌గార్ట్ యూనివర్సిటీవాళ్లు మాత్రం స్ట్రెలిట్జియా పువ్వును చూసి అసలు కీలే లేకుండా వంగే రెక్క తయారుచేశారు. ప్రకృతిని చూసి చేశామని చెప్పుకోవాలంటే అలా ఉండాలి. మాకు అమ్మినదానిలో పువ్వు బొమ్మ తప్ప ఏమీ లేదు.

కాబట్టి గట్టిగా అడగండి. ఇళ్లలో కరెంటు ఆదా కోసం కేంద్రం తెచ్చిన నియమావళి ఎకో నివాస్ సంహిత 2018 ప్రకారం మన వాతావరణంలో గోడలు, కిటికీల గుండా వచ్చే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదు. రెక్కలు తెరిచే ఉన్నాయనుకుని ఆ లెక్క వేసి చూపించమనండి. అద్దం రకం, మోటార్ కంపెనీ, ఏఎంసీ (ఏటా మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) రేటు, క్రేడిల్ ఖర్చు ఎవరిదన్నది అగ్రిమెంట్‌లో రాయించుకోండి. బ్రోషర్ దాచిపెట్టండి. అందులో తప్పుడు మాట రాసి అమ్మితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 12వ సెక్షన్ కింద పరిహారం అడగొచ్చు. 14వ సెక్షన్ ప్రకారం పొసెషన్ ఇచ్చిన 5 ఏళ్లలోపు పనితనంలో, నాణ్యతలో లోపం చూపిస్తే, బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఏడాదే వారంటీ అని చేతులు దులుపుకుంటే ఒప్పుకోకండి. మా అసోసియేషన్ ఈ రెండు సెక్షన్ల కిందే ఫిర్యాదు సిద్ధం చేస్తోంది.