రెండేళ్లుగా గోడెక్కుతున్నాను

హైదరాబాద్‌లో మా ఆఫీసు దారిలో ఒక బౌల్డరింగ్ జిమ్ ఉంది. రెండేళ్లుగా వారానికి రెండు సాయంత్రాలు అక్కడే గడుపుతున్నాను. పేరు చెప్పను, అక్కడి పిల్లలు నన్ను ఆంటీ అనకుండా అక్కా అని పిలుస్తారు కాబట్టి. మొదటిరోజుకి నా వయసు 41, ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. ఎత్తు సంగతి మళ్లీ వస్తుంది.

బౌల్డరింగ్ అంటే పొట్టి గోడను ఎక్కడం, ఇందులో తాడు ఉండదు. గోడ నాలుగున్నర మీటర్లు మించదు, కింద దాదాపు అడుగు మందాన పరుపు. గోడకు బిగించిన రంగురంగుల దిమ్మలే పట్లు, చేతికీ కాలికీ అవే ఆధారం. ఒకే రంగు పట్లు మాత్రమే వాడుతూ పైకి చేరాల్సిన దారిని ప్రాబ్లమ్ అంటారు. నిజంగా లెక్కలాంటిదే. ఏ చేయి ముందు, ఏ కాలు ఎక్కడ, నడుము ఎటు తిప్పాలి అన్నది కింద నిలబడే తేల్చుకోవాలి. మొదటి నెలంతా నేను చేతుల బలంతో లాగి, ముంజేతులు రాయిలా బిగిసిపోయేదాకా వేలాడాను. నా పక్కనే పదేళ్ల పాప ఒకతె బొటనవేలి మీద నిలబడుతూ, చేతులు ఊరికే ఆనించి, మేడమెట్లు ఎక్కినట్టు వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి కాళ్ల వైపు చూడటం మొదలుపెట్టాను.

పడటం నేర్పే విషయంలో మాత్రం ఈ జిమ్‌కు మార్కులు వేయలేను. పూచీ మీదే అని కాగితం మీద సంతకం చేయించుకున్నారు, ఒక కుర్రవాడు ఒక్కసారి దూకి చూపించాడు, అంతే. మోకాళ్లు వంచి దిగాలి, వెనక్కి దొర్లాలి, చేతులు వెనక్కి పెట్టి ఆపుకోకూడదు. ఈ మూడూ కొత్తవాళ్లతో పది సార్లు చేయించాలి. నాకు పడినప్పుడు ఏమీ కాలేదు గానీ, నాలుగో నెలలో చిన్న అంచును వేళ్లు మడిచి బిగించి పట్టినప్పుడు ఉంగరపు వేలు కలుక్కుమంది. కండలు త్వరగా బలపడతాయి, వేళ్లలోని స్నాయువులకు చాలా ఎక్కువ కాలం పడుతుంది అని ఫిజియోథెరపిస్టు చెప్పేదాకా నాకు తెలియదు. ఆరు వారాలు ఇంట్లో కూర్చున్నాను. పాసు గడువు మాత్రం కూర్చోలేదు.

అద్దె బూట్ల గురించి ఒక్క మాట చాలు: సాక్సులు తీసుకెళ్లండి. రాత్రి ఏడు దాటితే గాలి నిండా చేతులు జారకుండా పూసుకునే తెల్లటి చాక్ పొడి, ఆస్తమా ఉన్నవాళ్లు ఉదయం పూట వెళ్లడం మేలు.

ఇక అసలు సంగతి. ఇలాంటి జిమ్‌లో మనం డబ్బు కట్టేది గోడకు కాదు, గోడ మారడానికి. మొదటి ఏడాది ప్రతి వారం ఒక భాగంలో పట్లన్నీ ఊడదీసి, కడిగి, కొత్త ప్రాబ్లమ్‌లు బిగించేవారు. నెలన్నరలో గోడంతా కొత్తదయ్యేది. ఆ పని చేసేవాళ్లను సెట్టర్లు అంటారు. మా సెట్టర్ ఆరడుగుల మనిషి. ఆయన చేయి చాపితే అందే పట్టు కోసం నేను గాల్లోకి ఎగరాలి. అడిగితే "దూకండి అక్కా" అనేవాడు, అదేదో సలహా అయినట్టు. తరవాత కొంతకాలం నాకంటే కాస్త ఎత్తున్న అమ్మాయి సెట్ చేసింది. కష్టం తగ్గలేదు, కానీ మధ్యలో కాలికి ఒక చిన్న పట్టు ఉండేది. కాలు నడుము దాకా ఎత్తి దాని మీద పెట్టి, బరువంతా మార్చి లేస్తే చేయి అందేది. ఆ నెలల్లో నేర్చుకున్నంత మరెప్పుడూ నేర్చుకోలేదు.

ఆమె మానేశాక గోడ మారడం నెమ్మదించింది. ఈ వేసవిలో రెండు నెలలకు పైగా అవే పట్లు. చెమట, బూట్ల రబ్బరు అంటి నున్నగా జారుతున్నాయి. ఎక్కేసిన దాన్నే ఎక్కుతూ ఉంటే ట్రెడ్‌మిల్ మీద నడిచినట్టే. అడిగిన ప్రతిసారీ "వచ్చే వారం" అన్నారు.

జిమ్‌లో ఎక్కే స్థాయి బయట నిజమైన బండల మీద చెల్లుతుందా అని కొందరు అడిగారు. కష్టాన్ని తేలికైన వి0 నుంచి అతి కష్టమైన వి17 దాకా కొలుస్తారు. జిమ్‌లో ప్రాబ్లమ్‌ల దగ్గర అంటించే చీటీల ప్రకారం నేను వి3. డిసెంబరులో ఒక తెల్లవారుజామున మిత్రులతో ఖాజాగూడ గుట్టలకు వెళ్తే, వి0 అన్న బండ ముందు పావుగంట నిలబడిపోయాను. రాయి మీద రంగులు ఉండవు కదా! ఎక్కడ పట్టాలో చెప్పేవారు లేరు, కాలు పెట్టే చోటు గోరంత గరుకు. సుమారు 250 కోట్ల ఏళ్ల గ్రానైట్ వేలి కొసల చర్మాన్ని గంటలో ఒలిచేసింది. అయినా కాళ్లను నమ్మడం జిమ్‌లో నేర్చుకోకపోతే ఆ బండ మీద రెండడుగులు కూడా లేచేదాన్ని కాదు. వానాకాలంలో రాయి తడిసినప్పుడు, మే నెల ఎండలకు బండ కాలినప్పుడు జిమ్ తప్ప దిక్కు లేదు.

పోయిన వారం పాసు గడువు ముగిసింది. ఈసారి మూడు నెలలది తీసుకోలేదు, పది సార్ల కార్డు కొన్నాను. కౌంటరు దగ్గర కుర్రవాడికి నా నంబరు ఇచ్చి, గోడ మార్చిన రోజు ఫోను చేయమన్నాను.