చెల్సీ పింగాణీ పేరుతో ఒక డీలర్ నకళ్ళు అంటగడుతున్నాడు, యూకేలో పింగాణీ బొమ్మలు కొనేవాళ్ళు జాగ్రత్త

పాత ఇంగ్లిష్ పింగాణీ కొనే మనవాళ్ళకి ఈ డీలర్ ఎవరో చెప్పక్కర్లేదు, పేరు రాయను. పల్లెటూరి వాయిద్యగాళ్ళ బొమ్మల జత అమ్మకానికి పెట్టాడు. అబ్బాయి చంకలో తిత్తి నొక్కుతూ బ్యాగ్‌పైప్ ఊదుతుంటాడు, అమ్మాయి చేతిలో మాండొలిన్, వెనక పూలపొద. చెల్సీ (18వ శతాబ్దంలో లండన్‌లో నడిచిన పింగాణీ ఫ్యాక్టరీ), 1765 ప్రాంతం, దాని గోల్డ్ యాంకర్ (బంగారు లంగరు) ముద్ర ఉంది అని రాశాడు. అడుగు ఫోటోలు అడిగితే అవీ పంపాడు, పీఠం వెనక బుల్లి బంగారు లంగరు, అడుగున బట్టీలో కాలినప్పుడు పడ్డ పగులు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

పార్సెల్ విప్పితే ఆ పగులే లేదు! లంగరు పెద్దది, కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. అసలు చెల్సీ లంగరు అర సెంటీమీటరు ఉంటే గొప్ప. చెల్సీది సాఫ్ట్ పేస్ట్ అనే రకం పింగాణీ, మెత్తగా కనిపిస్తుంది, ఇదేమో నీలిఛాయ తిరిగిన తెల్లటి హార్డ్ పేస్ట్, అంటే గట్టిరకం. వేలంశాలలో చూపిస్తే 19వ శతాబ్దంలో పారిస్‌లో సామ్సన్ వాళ్ళు చేసిన నకళ్ళ బాపతు అన్నారు. నకలు అని చెప్పి అమ్మితే నాకేం అభ్యంతరం లేదు, వాటినీ ఇష్టపడి కొనేవాళ్ళున్నారు. కానీ 1770లో డెర్బీ పింగాణీ ఫ్యాక్టరీ యజమాని విలియం డ్యూస్‌బరీ చెల్సీ ఫ్యాక్టరీని కొన్న కథంతా ఫోన్‌లో నాకు చెప్పిన మనిషి, తెలియక పంపాడంటే ఎలా నమ్మను?

బొమ్మలు పట్టుకుని నేనూ మా ఆవిడా షాపుకే వెళ్ళాం. వాటిని తిప్పి కూడా చూడలేదు. "నేను పంపినవి ఇవి కాదు, నువ్వు మార్చి తెచ్చావు" అన్నాడు, అదీ మిగతా కస్టమర్ల ముందు, గట్టిగా, వాళ్ళంతా మావైపు తిరిగి చూసేలా. పార్సెల్ విప్పుతూ తీసిన వీడియో ఉంది, చూడు అంటే ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి బయటికి నడవమన్నాడు. ఎవరిదో అసలు బొమ్మ ఫోటో పంపి నకలు అమ్మింది అతను, దొంగ అనిపించుకుంది మేము. డబ్బు సంగతి తర్వాత, ఆ మాట ఇంకా మండుతూనే ఉంది. మా ఆవిడ దారి పొడవునా మాట్లాడలేదు.

కొనేవాళ్ళు విడి ఫోటోలు నమ్మకండి, బొమ్మని చేతిలో తిప్పుతూ ఒకే వీడియోలో మొత్తం చూపించమనండి. 100 పౌండ్లు దాటితే క్రెడిట్ కార్డు మీదే కట్టండి, యూకే కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద డబ్బు కోసం బ్యాంకుని అడగొచ్చు, నేనిప్పుడు అదే చేస్తున్నాను. షాపువాళ్ళ దగ్గర ఆన్‌లైన్‌లో కొంటే సరుకు చేతికందిన 14 రోజుల్లోపు వద్దనే హక్కు కూడా ఉంది, ఆ సంగతి రాతపూర్వకంగా మెయిల్ పెట్టండి. ఇదే జత మీకూ చూపించి ఉంటే ఆ ఫోటోలు నాకు పంపండి, బ్యాంకుకి పనికొస్తాయి.