టిష్యూ కల్చర్‌లో వేళ్ళ కోసం ఐబీఏ పొడి

టిష్యూ కల్చర్‌లో, అంటే సీసాల్లో పోషక మాధ్యమంపై మొక్కలు పెంచే పద్ధతిలో, సింగోనియం, ఫిలోడెండ్రాన్ అనే అలంకరణ మొక్కల పిలకలకు వేళ్ళు తెప్పించడానికి నేను వాడుతున్న ఐబీఏ, అంటే ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం అనే వేళ్ళు పుట్టించే హార్మోను, ఒక గ్రాము సీసాలో పొడిగా వస్తుంది. ఇది నీటిలో నేరుగా సరిగా కరగదు కాబట్టి, ముందు కొద్ది చుక్కల సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కరిగించి, ఆపైన శుద్ధజలం చేర్చి, మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున నిల్వ ద్రావణం చేసుకోవాలి. ఈ ముఖ్యమైన సంగతిని సీసాపై ముద్రించకపోవడం కొత్తవారికి అన్యాయమే.

సగం బలం ఎంఎస్ (మురాషిగె-స్కూగ్) పోషక మాధ్యమంలో లీటరుకు 0.5 మిల్లీగ్రాములు కలిపి, పీహెచ్‌ను 5.8కి సరిచేసి వాడినప్పుడు, కాండం అడుగున ముందు సన్నని బుడిపెలు లేచి, వాటి నుంచి పొట్టిగా, తెల్లగా, గట్టి వేళ్ళు వచ్చాయి. మోతాదు పెంచితే పని త్వరగా అవుతుందనుకోకూడదు. ఆక్సిన్ (ఐబీఏ లాంటి వృద్ధి హార్మోను) మితిమీరితే అడుగున కాలస్, అంటే ఆకారంలేని కణాల ముద్ద, గడ్డకట్టి, దానిలోంచి పుట్టిన వేళ్ళకు కాండంతో అతుకు బలహీనంగా ఉంటుంది. అలాంటి మొక్క కుండీలోకి మార్చగానే వాడిపోతుంది.

ఐఏఏ (ఇండోల్ అసిటిక్ ఆమ్లం) అనే మరో ఆక్సిన్‌తో పోలిస్తే ఐబీఏ వెలుతురుకూ, ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే ఆటోక్లేవ్ వేడికీ బాగా తట్టుకుంటుంది. నిల్వ ద్రావణాన్ని మాత్రం ముదురు రంగు సీసాలో, ఫ్రిజ్‌లోనే ఉంచాలి. ఈ మోతాదులో ఒక గ్రాము 2000 లీటర్ల మాధ్యమానికి సరిపోతుంది కనుక, మిల్లీగ్రాములు తూచగల త్రాసు ఉన్నవారు ధర గురించి వెనకాడనక్కరలేదు.