2018 నుంచి వాడుతున్నా: డేటాబేస్ టేబుల్‌లోనే రెజెక్స్ (అక్షరాలు, అంకెల ఆకారం చెప్పే ప్యాటర్న్) చెక్ పెట్టుకుంటే ఎట్లుంటాదంటే

మాది అనంతపురం. తాడిపత్రి సైడు బండల లారీలు తూచే ఒక కాటాకి 2018లో సాఫ్ట్‌వేర్ రాసిచ్చినా, ఇప్పటికీ నేనే చూసుకుంటాండా. అందులో నన్ను బాగా సతాయించింది లారీ నంబర్ కాలమ్. ఒకే లారీకి పగలు ఉండేటోడు మధ్యలో స్పేస్‌లు కొడతాడు, రాత్రి డ్యూటీవాడు అడ్డగీతలు పెడతాడు, ఇంకొకడు సున్నా బదులు ఓ అక్షరం కొడతాడు, నెలాఖరుకి ఓనరు ఈ బండి ఎన్ని ట్రిప్పులు వేసిందిరా అంటే రిపోర్టులో మూడు బండ్లు కనపడతాయి.

మొదట్లో డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 5.7. చెక్ కన్‌స్ట్రెయింట్ (తప్పు రూపంలో ఉన్నది లోపలికి రానీయొద్దని టేబుల్‌కే పెట్టే నియమం) రాసినా, ఎర్రర్ ఏం రాలేదు, హమ్మయ్య అనుకున్నా. చెత్త మాత్రం పడతానే ఉంది! తర్వాత తెలిసింది, ఆ వెర్షన్ చెక్‌ని చదివి ఊరికే పక్కన పడేస్తాదంట, 2019లో వచ్చిన 8.0.16 నుంచే నిజంగా అడ్డుకుంటాది. ఆ కోపంలో పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌కి మారిపోయినా, మళ్లీ వెనక్కి చూడలేదు.

పోస్ట్‌గ్రెస్‌లో టిల్డా గుర్తు (~) పెట్టి ప్యాటర్న్ రాస్తే చాలు, బాగుంది. కానీ అది స్ట్రింగ్‌లో యాడ మ్యాచ్ అయినా సరే అంటాది, నేను ముందర క్యారెట్ (^, అంటే ఇక్కడే మొదలు), చివర డాలర్ ($, అంటే ఇక్కడే ముగింపు) పెట్టడం మరిచిపోయినా, నంబర్ పక్కనే "ఖాళీ బండి" అని కొట్టింది కూడా దర్జాగా లోపలికి పోయింది. ఇంకోటి, నల్ (ఏమీ నింపకుండా వదిలేసింది) వస్తే చెక్ ఏమీ అనదు, నాట్ నల్ వేరేగా పెట్టుకోవాల్సిందే. స్పేస్‌లు, గీతలు తీసేసి పెద్దక్షరాలు చేసే పని బిఫోర్ ట్రిగ్గర్‌కి (వరస టేబుల్‌లో పడే ముందు దానంతటదే నడిచే కోడ్‌కి) ఇచ్చినా, అది చెక్ కంటే ముందే నడుస్తాది కాబట్టి ఆపరేటర్ ఎట్ల కొట్టినా ఒకే రూపంలో పడతాది. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ జోడీనే.

పాత డేటా ఉన్న టేబుల్‌కి నాట్ వ్యాలిడ్ అని పెట్టి చెక్ తగిలిస్తే పాత వరసల్ని అప్పటికి వదిలేస్తాది. మేలే, కానీ ఆ పాత వరసలో టన్నుల తప్పు దిద్దబోతే నంబర్ బాలేదని అప్‌డేట్‌ని తన్నేస్తాది, ఒక పూటంతా అర్థం కాక తల పట్టుకున్నా.

ఇంక నేను చేసిన అసలు తెలివితక్కువ పని చెప్తా. ప్యాటర్న్‌లో రాష్ట్రాల కోడ్‌లు కూడా గుచ్చినా, ఏపీ, టీఎస్, కేఏ, టీఎన్ అని. 2024 మార్చిలో తెలంగాణ టీఎస్‌ని టీజీ చేసింది కదా, కొన్నాళ్లకి రాత్రి రెండింటికి ఫోను. "అన్నా, సిస్టం తీసుకోవట్లేదు, లారీ కాటా మీదనే ఉంది, వెనకాల ఆరు బండ్లు హారన్ కొడతాండాయి." పొద్దున చూస్తానప్పా అని పండుకున్నా. పొద్దున చూస్తే వాడు టీజీ బదులు టీఎస్ కొట్టి పంపించేసినాడు! ఈ-వే బిల్లులో ఒక నంబర్, మా కాటా చీటీలో ఇంకొకటి. వాడిని తిట్టడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే అబద్ధం కొట్టమని చెప్పింది నా ప్యాటర్నే. 2019లో జిల్లాల కోడ్‌ల బదులు రాష్ట్రం మొత్తానికి ఏపీ39 వచ్చినప్పుడు కూడా జిల్లా కోడ్‌లతో ఇట్లనే దెబ్బ తిన్నా, అయినా బుద్ధి రాలేదు.

ఇప్పుడు ప్యాటర్న్‌లో ఆకారం మాత్రమే: రెండు అక్షరాలు, ఒకటో రెండో అంకెలు, మూడుకి మించకుండా అక్షరాలు, చివర నాలుగు దాకా అంకెలు. రాష్ట్రాల కోడ్‌లు వేరే టేబుల్‌లో, లేని కోడ్ వస్తే పసుపు రంగులో హెచ్చరిక చూపించి చీటీ ఇచ్చేస్తాది. కన్‌స్ట్రెయింట్‌కి అర్థమయ్యే పేరు పెట్టి, ఎర్రర్‌లో ఆ పేరు పట్టుకుని "లారీ నంబర్ సరిగ్గా కొట్టు" అని తెలుగులో చూపిస్తాండా, ఫోన్లు సగం తగ్గినాయి.

డ్రైవర్ ఫోన్ కాలమ్ గురించి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలై పది అంకెలుంటే చాలంటాది, పది తొమ్మిదులు కొట్టినా పాస్. జీఎస్టీ నంబర్ కూడా అంతే, 37తో (ఏపీ కోడ్) మొదలయ్యే పదిహేను అక్షరాలు ఆకారానికి సరిపోతాయి గానీ చివరి అక్షరం ముందున్నవాటితో సరిపోతాదా అని లెక్క కట్టి చూడాలంటే ఫంక్షన్ రాయాల. అదింకా రాయలేదు, ఓనరు అడిగినప్పుడు చూద్దాంలే అని పెట్టినా.